వెళ్ళొస్తానని చెప్పకుండా...

మన ఇళ్ళల్లో ఎవరూ "వెళ్తున్నాను" అనరు. గడప దాటే ముందు "వెళ్ళొస్తాను" అంటారు. చిన్నపిల్లలు తెలియక "పోతున్నా" అంటే అమ్మమ్మలు గభాలున అందుకుని "పోయొస్తా అనమ్మా" అని దిద్దుతారు. ఆ ఒక్క 'వస్తా'లో మన ధైర్యమంతా ఉంది. బయటికెళ్ళిన మనిషి తిరిగి గుమ్మంలో చెప్పులు విడిచేదాకా ఇంట్లోవాళ్ళు ఆ మాటనే పట్టుకుని ఉంటారు.

మరి ఆ మాట చెప్పి కూడా రానివాళ్ళ సంగతేమిటి? అసలు చెప్పకుండానే వెళ్ళిపోయినవాళ్ళ సంగతో?

పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఓ మూల చిన్న ప్రకటన కనిపిస్తుంది. పైన 'కనబడుటలేదు' అని ఉంటుంది. కింద ఏ పెళ్ళి ఫోటోలోంచో కత్తిరించిన మసక బొమ్మ. వయసు 70, చామనఛాయ, తెల్ల పంచె, మతిమరుపు ఉంది, ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం. మనం ఒక్క క్షణం "అయ్యో పాపం" అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ పెద్దాయన దొరికాడో లేదో మనకెప్పటికీ తెలియదు. దొరికితే మరో ప్రకటన వెయ్యరు కదా!

అలాంటి ప్రకటనల్లో ఒకదాన్ని మాత్రం ప్రపంచం దాదాపు అరవై ఏళ్ళుగా చదువుతూనే ఉంది. పేరు జిమ్ థాంప్సన్. వయసు 61. ఉండేది బ్యాంకాక్. తప్పిపోయింది మలేసియాలోని కేమరాన్ హైలాండ్స్ కొండల్లో. తేదీ 1967 మార్చి 26. ఇప్పటికీ ఆచూకీ లేదు.

ఎక్కడి థాంప్సన్, ఎక్కడి మనం, ఆ గొడవ మనకెందుకు అనుకోకండి. ఆయన కథలో పట్టు ఉంది, మగ్గం ఉంది, మగ్గం ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతి ఒక్కరం ఆలోచించుకోవలసిన సంగతి కూడా ఉంది.

పట్టు పేట

థాంప్సన్ అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో 1906లో పుట్టారు. చదువుకున్నాక న్యూయార్క్‌లో ఆర్కిటెక్టుగా పనిచేశారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక సైన్యంలో చేరి, అప్పటి అమెరికా గూఢచారి విభాగం ఓ.ఎస్.ఎస్.లోకి వెళ్ళారు. 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో బ్యాంకాక్ చేరారు. ఆ ఊరు ఆయన్ని వదల్లేదు, ఆయనా ఆ ఊరిని వదల్లేదు.

బ్యాంకాక్‌లో శాన్‌శాబ్ కాలువ ఒడ్డున బాన్ క్రువా అనే పేట ఉంది. అక్కడివాళ్ళు చామ్ ముస్లింలు. వాళ్ళ పూర్వీకులు కంబోడియా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. తరతరాలుగా ఇళ్ళల్లోనే మగ్గాలు పెట్టుకుని పట్టు నేసేవాళ్ళు. మిల్లు బట్ట చవగ్గా వచ్చి పడేసరికి ఒక్కో మగ్గమే మూల పడుతోంది. చేనేత ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ కాలువ గట్టున తిరిగిన థాంప్సన్‌కి ఆ పట్టు కంటికి ఆనింది. 1947లో కొన్ని నమూనాలు పెట్టెలో పెట్టుకుని న్యూయార్క్ వెళ్ళి, 'వోగ్' పత్రిక సంపాదకురాలు ఎడ్నా ఊల్మన్ ఛేజ్‌కి చూపించారు. ఆవిడ చూసి ముచ్చటపడింది. 1948లో థాయ్ సిల్క్ కంపెనీ మొదలైంది. ఉతికితే దిగిపోని గట్టి రంగులు తెప్పించారు. 1951లో న్యూయార్క్‌లో 'ద కింగ్ అండ్ ఐ' నాటకం ఆడినప్పుడు అందులోని దుస్తులకి ఈ పట్టే వాడారు. ఇక చూసుకోండి, థాయ్ పట్టు పేరు దేశదేశాలకీ పాకింది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం మరొకటుంది. నేతగత్తెలందర్నీ ఫ్యాక్టరీ షెడ్డులోకి తోలుకెళ్ళే పని ఆయన చెయ్యలేదు. మగ్గం ఇంట్లోనే ఉండనిచ్చారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది, పక్కన చంటిది ఉయ్యాల్లో ఉంటుంది, పని సాగుతుంది, డబ్బు చేతికొస్తుంది. ఇంటి ఆడది ఇంట్లో ఉంటూనే ఇల్లు నడిపేంత సంపాదించింది. ఇంట్లో కూర్చుని చేసే పనికి విలువ కట్టేవాళ్ళు ఈ రోజుల్లో కూడా ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. అందుకే చెబుతున్నాను.

కాలువకి ఇవతలి ఒడ్డున, నేత పేటకి సరిగ్గా ఎదురుగా, ఆరు పాత టేకు ఇళ్ళని తెచ్చి కలిపి ఒక ఇల్లు కట్టుకున్నారు. 1959లో పూర్తయింది. ఇప్పుడది మ్యూజియం. బ్యాంకాక్ వెళ్ళిన మనవాళ్ళు కూడా టిక్కెట్టు కొనుక్కుని చూసొస్తుంటారు. ఆ ఇంటి యజమాని ఏమయ్యాడన్నది మాత్రం టిక్కెట్టు ఇచ్చేవాళ్ళకీ తెలియదు, కొనేవాళ్ళకీ తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం

కేమరాన్ హైలాండ్స్ మలేసియాలోని పహాంగ్ రాష్ట్రంలో ఉంది. దాదాపు 5 వేల అడుగుల ఎత్తు. చల్లటి గాలి, టీ తోటలు, వాటిని ఆనుకునే దట్టమైన అడవి. మలయా మనకి మరీ పరాయి నేలేమీ కాదు. మన తెలుగువాళ్ళు ఎంతోమంది తెల్లదొరల కాలంలో తోటల్లో కూలికి అక్కడికి ఓడలెక్కి వెళ్ళారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈనాటికీ అక్కడ తెలుగు మాట్లాడుకుంటున్నారు.

థాంప్సన్ అక్కడికి స్నేహితుల ఇంటికి విశ్రాంతిగా గడపడానికి వెళ్ళారు. సింగపూర్ నుంచి వచ్చిన డాక్టర్ లింగ్, ఆయన భార్య హెలెన్ ఆ బంగళా యజమానులు. దాని పేరు మూన్‌లైట్ బంగళా. బ్యాంకాక్ నుంచి థాంప్సన్‌తో పాటు ఆయన పాత స్నేహితురాలు కానీ మాంగ్‌స్కౌ వచ్చింది. అంతా నలుగురు. 1967 మార్చి 26 ఈస్టర్ ఆదివారం. ఆయనకి 61 నిండి అప్పటికి ఐదు రోజులే. పొద్దున చర్చికి వెళ్ళొచ్చారు. ఆ తర్వాత బయట పిక్నిక్‌లాగా భోజనాలు కానిచ్చి బంగళాకి తిరిగొచ్చారు. మధ్యాహ్నం ఎండకి అందరూ కాసేపు నడుం వాల్చారు.

ఆ వేళప్పుడు బయట కంకర మీద ఎవరో నడిచి వెళ్తున్న చప్పుడు లోపలున్నవాళ్ళకి వినిపించింది. థాంప్సనే అనుకున్నారు. కాస్త తిరిగొస్తారులే అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేముంది? ఆయనకి నడక అలవాటే, అడవంటే భయం లేదు, యుద్ధంలో తర్ఫీదు పొందిన మనిషి.

చీకటి పడింది. ఆయన రాలేదు.

సిగరెట్లు, లైటరు బంగళాలోనే ఉండిపోయాయి. ఆయనకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళ బాధ ఉంది. నొప్పి వస్తే వేసుకోవలసిన మాత్రల డబ్బీ కూడా అక్కడే ఉంది. వాటిని చూసినవాళ్ళు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒకటే అంటున్నారు: ఎక్కువసేపు ఉండాలని వెళ్ళిన మనిషి కాదు, ఇప్పుడే వచ్చేద్దామనుకుని వెళ్ళిన మనిషి.

తర్వాత జరిగిన వెతుకులాట చిన్నదేం కాదు. పోలీసులు, సైనికులు, ఆ అడవిలోనే పుట్టి పెరిగిన ఒరాంగ్ అస్లీ గిరిజనులు, స్థానికులు కలిసి వందలమంది రోజుల తరబడి కొండలు గాలించారు. హెలికాప్టర్లు తిరిగాయి. అమెరికా సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ హోదాలో ఉన్న ఆయన స్నేహితుడు స్వయంగా వచ్చాడు. బహుమతి ప్రకటించారు. 'బొమో' అని పిలిచే అక్కడి మంత్రగాళ్ళు ఏవేవో చెప్పారు. అతీంద్రియ శక్తులున్నాయని పేరున్న పీటర్ హర్కోస్ అనే ఆయన్ని రప్పిస్తే, ఎత్తుకెళ్ళి కంబోడియాలో దాచారన్నాడు. ఇంత చేసినా ఒక చెప్పు దొరకలేదు, ఒక చొక్కా పీలిక దొరకలేదు.

ముగింపు లేని కథ

నేను కథలు రాసేదాన్ని. కథకి ముగింపు లేకపోతే చదివేవాళ్ళు ఊరుకోరని నాకు అనుభవం. "ఇంతకీ ఆ అమ్మాయి ఏమైందండీ?" అని ఉత్తరాలు రాస్తారు. నిజజీవితంలో ముగింపు లేకపోతే ఇంకా ఊరుకోరు. తలా ఒక ముగింపు తయారుచేస్తారు. థాంప్సన్ విషయంలో అదే జరిగింది.

ఒకప్పుడు గూఢచారి కదా, ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాడు, రహస్యంగా ఎక్కడికో పంపారు అన్నారు కొందరు. అది వియత్నాం యుద్ధం జరుగుతున్న కాలం, ఏది అన్నా నమ్మేలాగే ఉండేది. దేశం విడిచి వెళ్ళిన థాయ్‌లాండ్ మాజీ ప్రధాని ప్రీది పనోమ్యోంగ్ ఆయనకి స్నేహితుడు, ఆయన్ని కలవడానికి వెళ్ళాడన్నారు మరికొందరు. వ్యాపారంలో గిట్టనివాళ్ళు చేయించారన్నారు. పులి లాక్కెళ్ళిందన్నారు. రోడ్డు మీద లారీ గుద్దేసి, భయపడి పాతిపెట్టారన్నారు. 2017లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ మలయా కమ్యూనిస్టులు చంపేశారని చెప్పింది. అడవిలో దారి తప్పో, కాలు జారో చనిపోయాడు, అంతకు మించి ఏమీ లేదని పుస్తకం రాసినవాళ్ళూ ఉన్నారు.

అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో ఆయన అక్కగారు తన ఇంట్లోనే హత్యకి గురైంది. అదీ తేలలేదు. రెండిటికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. అయినా ఆ రెండిటినీ ముడిపెట్టకుండా ఉండలేకపోయారు.

ఈ ముగింపుల్లో ఏ ఒక్కదానికీ సాక్ష్యం లేదు. ఉన్నదల్లా కంకర మీద అడుగుల చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆయన పేరున్న మనిషి కాబట్టి ఆయన చుట్టూ పుస్తకాలొచ్చాయి. మన వీధిలోంచి ఒక పెద్దాయన తప్పిపోతే పుస్తకాలు రావు, కానీ కథలు తక్కువేం కాదు. "కోడలితో పడలేదటమ్మా." "ఆస్తి రాసిచ్చేశాక ఇంకెందుకని వెళ్ళగొట్టారట." "ఎవర్నో ఉంచుకున్నాడని అప్పట్లోనే అనుకునేవాళ్ళు." ఇవన్నీ అనేది మనమే. కుళాయి దగ్గర, పేరంటంలో, ఇప్పుడైతే సెల్‌ఫోన్ గ్రూపుల్లో. అసలే మనిషి కనబడక అల్లాడుతున్న ఇంటి మీద ఇదో దెబ్బ. 'తెలియదు' అనే మాట చెప్పడానికి మనకి అంత బరువెందుకో! తెలియనిది తెలియదని ఊరుకోవడం కూడా ఒక మర్యాద.

ముత్తైదువా, కాదా?

థాంప్సన్ 1974లో చనిపోయినట్టు చట్టప్రకారం ప్రకటించారు. తప్పిపోయి అప్పటికి ఏడేళ్ళు.

మన చట్టంలోనూ ఏడేళ్ళ లెక్కే ఉంది. ఒక మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్ళకి ఏడేళ్ళపాటు ఏ కబురూ తెలియకపోతే, బతికే ఉన్నాడని చెప్పేవాళ్ళే దాన్ని రుజువు చెయ్యాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ఈ మాట చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నియమాన్ని అలాగే ఉంచింది. ఇందులో ఒక మెలిక ఉంది, తెలుసుకోవాలి. ఏడేళ్ళు దాటాక మనిషి లేడని కోర్టు అనుకుంటుందే తప్ప, ఫలానా రోజున పోయాడని అనుకోదు. ఆ తేదీ మీద ఆధారపడే ఆస్తి వాటాలో, ఇన్సూరెన్సో ఉంటే విడిగా రుజువు చేసుకోవలసిందే. అందుకని తప్పిపోయిన మనిషి పేరు మీద పాలసీ ఉంటే, ప్రీమియం ఆపేసే ముందు ఆఫీసుకెళ్ళి రాతపూర్వకంగా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల విషయంలో ఏడేళ్ళూ ఆగకుండా కుటుంబ పింఛను ఇచ్చే నిబంధనలున్నాయి. దేనికైనా మొదట అడిగేది పోలీసు రిపోర్టు కాగితమే. 'పరువు పోతుంది' అని రిపోర్టు ఇవ్వని ఇళ్ళున్నాయి. ఆ పరువు తర్వాత అన్నం పెట్టదు.

చట్టం ఏడేళ్ళంటే, మన శాస్త్రం తెలిసిన పెద్దలు పన్నెండేళ్ళంటారు. పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మకాండ జరిపించాలంటారు. ఈ ఏడుకీ పన్నెండుకీ మధ్య, అసలు మొదటి రోజుకీ ఆ చివరి రోజుకీ మధ్య, ఆ ఇంటి ఇల్లాలు ఎవరు? ముత్తైదువా, కాదా?

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒకావిడ ఉండేది. అందరం పెద్దమామ్మ అని పిలిచేవాళ్ళం. వాళ్ళాయన అరవై దాటాక కాశీకని బయల్దేరి మరి రాలేదు. తోడు వెళ్ళినవాళ్ళు రైలు దిగేటప్పుడు జనంలో తప్పిపోయాడన్నారు. ఆవిడ బొట్టు తియ్యలేదు. తియ్యనందుకు కొందరు నవ్వేవాళ్ళు. అట్లతద్దికీ, పెళ్ళిళ్ళకీ పిలవాలో వద్దో తేలక పిలవడం మానేసినవాళ్ళు ఇంకా ఎక్కువ. ఊరికి బస్సొచ్చే వేళకి ఆవిడ అరుగు మీదికొచ్చి కూర్చునేది. ఎనిమిదేళ్ళ వయసులో నాకు బుద్ధి లేక ఓ రోజు అడిగేశాను.

"పెద్దమామ్మా, తాతగారు ఇంక వస్తారంటావా?"

"నాకు తెలిస్తే నీకు చెప్పనటే!" అంది.

నవ్వుతూనే అంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఊరంతా కలిసి చెప్పలేని నిజం ఆవిడొక్కతే చెప్పింది.

అలాంటి స్త్రీ బొట్టు పెట్టుకోవాలా, తాళి తియ్యాలా, రంగు చీర కట్టాలా అన్నది వీధి పెద్దలు కూర్చుని తీర్మానించే సంగతి కాదు. అది ఆవిడిష్టం. రేపొస్తాడని ఎదురుచూడ్డం ఆవిడ హక్కు. ఇక చాలు, నా బతుకు నేను బతుకుతానని లేవడం కూడా ఆవిడ హక్కే. ఏడేళ్ళు కబురు లేకపోతే హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడగొచ్చని చట్టమే చెబుతోంది. మనం చెయ్యగలిగింది ఒకటే, పేరంటానికి పిలవడం. వస్తుందో రాదో ఆవిడకి వదిలెయ్యడం.

మన గడప దగ్గర

తప్పిపోయే పెద్దవాళ్ళు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు. జపాన్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు 19 వేల మందికి పైగా తప్పిపోయినట్టు పోలీసులకి ఫిర్యాదులందాయి. అంత క్రమశిక్షణ ఉన్న దేశంలోనే అలా ఉంటే, పుష్కరాలకీ జాతరలకీ లక్షలమంది ఒక్కచోట చేరే మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మనుషుల ఆయుష్షు పెరిగింది. దాంతోపాటు మతిమరుపూ పెరిగింది. ముప్ఫై ఏళ్ళుగా తిరిగిన వీధే ఓ సాయంత్రం ఆ మనిషికి కొత్త ఊరులా కనబడుతుంది. పాలప్యాకెట్ కోసం వెళ్ళినాయన తన చిన్ననాటి ఇల్లు వెతుక్కుంటూ బస్సెక్కేస్తాడు.

అందరూ మతిమరుపుతోనే పోరు. అదీ ఒప్పుకోవాలి. మాట పడలేక వెళ్ళేవాళ్ళున్నారు. అన్నం పళ్ళెం విసురుగా పెడితే ఆ విసురు అర్థంకానంత ముసలితనం ఎవరికీ రాదు. ఇంకా ఘోరం, యాత్రకని తీసుకెళ్ళి జనంలో వదిలేసి వచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని 'తప్పిపోయారు' అనకూడదు, తప్పించారు అనాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో చేసిన చట్టం పెద్దవాళ్ళని అలా వదిలెయ్యడాన్ని నేరమంటుంది, దానికి జైలు శిక్ష ఉంది.

"అయితే వీధి తలుపుకి తాళం వేసి కూర్చోబెట్టమంటారా?" అని అడుగుతారేమో. వద్దు. ఆ మాట అనడానికి ఈ వ్యాసం రాయలేదు. థాంప్సన్ చేసిన తప్పల్లా మధ్యాహ్నం పూట కాస్త నడిచొద్దామనుకోవడమే అయితే, అది తప్పెలా అవుతుంది? పెద్దవాళ్ళకి నడక కావాలి, నలుగురితో మాట కావాలి, గుడి మెట్ల మీద కాసేపు కూర్చోవడం కావాలి. తాళం వేస్తే ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది. మనం చెయ్యవలసింది వాళ్ళు వెళ్ళేదారిని, తిరిగొచ్చేదారిని కూడా తేలిక చెయ్యడం.

ఖర్చులేని పనులు కొన్నున్నాయి. నాన్నగారి చొక్కా జేబులో, అత్తయ్యగారి చేతిసంచిలో ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు రాసిన చీటీ ఉంచండి. చీటీ పారేస్తారనుకుంటే జాకెట్టు లోపలివైపు, చొక్కా కాలరు లోపల గుడ్డముక్క మీద రాసి కుట్టెయ్యండి. వాడే మందుల పేర్లు కూడా రాస్తే మరీ మంచిది. ఆరునెలలకోసారి మొహం స్పష్టంగా కనబడేలా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఇరవై ఏళ్ళ కిందటి షష్టిపూర్తి ఫోటో వెతకడానికి పనికిరాదు. బయటికి వెళ్ళేటప్పుడు ఏ రంగు బట్టలు కట్టుకున్నారో ఒక్కసారి చూడండి. టీకొట్టు అబ్బాయికి, కూరగాయలావిడకి, ఆటోస్టాండు వాళ్ళకి మా పెద్దాయన ఈయనేనని పరిచయం చేసి ఉంచండి. వీటికి ఏ ఇంట్లోనూ పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా చూసుకోవాలి. "మీకు మతిపోతోంది కాబట్టి" అనొద్దు. "జనం ఎక్కువగా ఉన్నారు మామయ్యా, మా నంబర్లు దగ్గరుంచుకోండి, నా దగ్గరా ఉన్నాయి" అని చెప్పండి. మీ సంచిలోనూ ఒకటి ఉంచుకోండి, అబద్ధం కాకుండా పోతుంది.

రావలసిన వేళకి రాకపోతే? ఇక్కడే థాంప్సన్ కథ మనకి పనికొస్తుంది. అడుగుల చప్పుడు వినిపించిన వేళకీ, ఇక రాడేమోనని భయం పుట్టిన వేళకీ మధ్య ఒక మధ్యాహ్నం గడిచిపోయింది. ఎవరి తప్పూ లేదు, ఎవరికైనా అలాగే గడుస్తుంది. కానీ ఆ గడిచిపోయిన కొద్ది గంటల్ని తర్వాత వచ్చిన వందలమంది, హెలికాప్టర్లు, పుస్తకాలు, డాక్యుమెంటరీలు అన్నీ కలిసి కూడా తిరిగి తేలేకపోయాయి. ముసలి కాళ్ళు మొదటి గంటలో ఎంతో దూరం వెళ్ళలేవు. వెతకడానికి అదే అదను.

"24 గంటలు చూసి అప్పుడు రండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. అలా ఆగాలనే నియమం ఏ చట్టంలోనూ లేదు. దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషన్‌కి వెంటనే వెళ్ళండి, లేదా 112కి ఫోన్ చెయ్యండి. ఫోటో, వయసు, బట్టల రంగు, వాడే మందులు, మాట్లాడే భాష చెప్పండి. రైల్లోనో స్టేషన్లోనో తప్పిపోతే 139 ఉంది. వృద్ధుల కోసమే పెట్టిన ఎల్డర్‌లైన్ నంబరు 14567. ఒకరు స్టేషన్‌కి వెళ్తే ఇంకొకరు బస్టాండుకి, మరొకరు ప్రభుత్వాసుపత్రికి, ఒకరు వాళ్ళ పాత ఇంటి వైపుకి వెళ్ళాలి. మతిమరుపు ఉన్నవాళ్ళు చాలాసార్లు పాత ఇల్లు, పాత ఆఫీసు, పుట్టింటి దారే పడతారు. ఇంట్లో మాత్రం ఒకరు తప్పకుండా ఉండాలి. తిరిగొచ్చి తలుపు తడితే తియ్యడానికి.

దొరికాక చెయ్యకూడనిది ఒకటుంది. తిట్టకూడదు. "ఎంత కంగారు పెట్టావో తెలుసా" అని నలుగురి ముందూ కేకలేస్తే, ఆ పెద్దమనిషికి మిగిలేది సిగ్గు ఒక్కటే. ముందు మంచినీళ్ళివ్వండి. కాళ్ళు కడుక్కోమనండి. అన్నం పెట్టండి. ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. మన వీధి చివర ఎవరో తెలియని ముసలావిడ చెట్టు కింద కూర్చుని ఉంటుంది. చెప్పులుండవు, చీర మాత్రం మంచిదే ఉంటుంది. ఎవరమూ దగ్గరికి వెళ్ళం, ఏం మీద పడుతుందోనని. ఆవిడ ఫోటో మరో ఊళ్ళో, మరో పేపర్లో, 'కనబడుటలేదు' అన్న మాట కింద ఉండి ఉండొచ్చు. "ఎవరమ్మా మీరు, ఏ ఊరు?" అని ఒక్క మాట అడగండి. జవాబు తిన్నగా రాకపోతే కూర్చోబెట్టి ఫోన్ చెయ్యండి. ఆ ప్రకటన చూసి పేజీ తిప్పేసే మనం చెయ్యగలిగిన పని అది.

బాన్ క్రువాలో ఇప్పుడు నేసే ఇళ్ళు కొద్దే మిగిలాయి. జిమ్ థాంప్సన్ పేరుతో దుకాణాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి, ఆయన పేరు మీద పట్టు అమ్ముడుపోతూనే ఉంది. అంత పేరున్నా, అంత డబ్బున్నా, ప్రపంచమంతా వెతికినా దొరకలేదు. మన ఇంటి పెద్దాయనకి ఆ పేరూ లేదు, ఆ డబ్బూ లేదు. ఆయనకున్నది మనమే. అందుకే ఈ వారం పని వచ్చే వారానికి వాయిదా వెయ్యకండి. ఈ పేజీ మూసేశాక ఒక పెన్ను, చిన్న కాగితం తీసుకుని ఇంటి నంబరు రాసి ఆ చొక్కా జేబులో పెట్టండి.